ఏడిళ్ల పిల్లికి ఎనిమిదో ఇల్లు

మీ ఇల్లు పెద్దారవీడులో ఉందనుకుందాం. తెల్లవారగానే దొడ్లో గడ్డివామి వెనక నుంచి సన్నని అరుపు వినిపించింది. వెళ్లి చూశారు. జానెడు కూడా లేని పిల్లి పిల్ల! ఒళ్లంతా దుమ్ము. డొక్కలు లోపలికి పోయాయి. మిమ్మల్ని చూడగానే ఇంకా గట్టిగా అరిచింది. ఇంతలో అవ్వ వచ్చి, "ఇంట్లో ఉన్న గొడ్డూ గోదా చాలు. సాయంత్రం దాన్ని గోతంలో వేసుకెళ్లి ఊరవతల వదిలేసి రా, పో" అంది.

మీకు మనసొప్పలేదు. అలాగని ఎల్లకాలం ఇంట్లో పెంచుకునే వీలూ లేదు. మరి ఏం చెయ్యాలి?

ఒక దారి ఉంది. దాన్ని కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకుని, మంచి ఇల్లు ఒకటి వెతికి, అక్కడ కుదురుకునేదాకా సాయం చెయ్యడం. దీనికి జాలి ఒక్కటే చాలదు. పిల్లి శరీరం ఎలా పనిచేస్తుందో, అది దేన్ని 'నా ఇల్లు' అనుకుంటుందో కొంత తెలిసి ఉండాలి. ఆ సంగతులే ఇప్పుడు తెలుసుకుందాం.

ఊరవతల వదిలితే ఏమవుతుంది?

"పిల్లి కదా, ఎక్కడైనా బతుకుతుంది" అని చాలామంది అనుకుంటారు. నిజం కాదు. వేటాడే కోరిక పిల్లికి పుట్టుకతోనే ఉంటుంది కాని, వేటాడే నేర్పు మాత్రం సాధనతో రావాలి. తల్లి పిల్లి ముందు చచ్చిన ఎలుకను, తర్వాత కొన ఊపిరితో ఉన్న ఎలుకను తెచ్చి పిల్లల ముందు పడేస్తుంది. అదే వాటికి బడి. ఆ చదువు పూర్తికాని పిల్లను ఊరవతల వదిలితే ఆకలికో, కుక్కలకో బలి అవుతుంది.

పెద్ద పిల్లి సంగతి వేరు. అది తిరిగి రావడానికి ప్రయత్నిస్తుంది. 1922లో అమెరికాలో హెరిక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయం మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించాడు. పాలు తాగే పిల్లలున్న ఒక తల్లి పిల్లిని, దారి కనిపించకుండా మూసి, ఇంటికి ఒకటి మొదలుకొని మూడు మైళ్ల దూరంలో వేర్వేరు చోట్ల వదిలాడు. ప్రతిసారీ అది పిల్లల దగ్గరకు తిరిగి వచ్చేసింది. పదహారు మైళ్లకు పైగా తీసుకుపోయి వదిలినప్పుడు మాత్రం రాలేకపోయింది.

అంటే ఏమిటి? దూరం తక్కువైతే రోడ్లు దాటుతూ, కుక్కలను తప్పించుకుంటూ వెనక్కి బయలుదేరుతుంది. దూరం ఎక్కువైతే దారి తప్పి తిరుగుతుంది. రెండింటిలో ఏదీ దానికి కొత్త ఇల్లు కాదు. పెంచిన జంతువును తిండీ నీరూ లేక బాధపడేలా సరైన కారణం లేకుండా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పిల్లికి ఇల్లంటే ఏమిటి?

పిల్లి వచ్చి మీ కాలికి చెంప రాస్తుంది. తలుపు చెక్కకు రాస్తుంది. మంచం కోడుకూ రాస్తుంది. గారాబం చేస్తోందనుకుంటాం. అది కొంతవరకే నిజం. పిల్లి చెంపల్లో, నుదుటి మీద, అరికాళ్లలో, తోక మొదట్లో వాసన పుట్టించే గ్రంథులున్నాయి. రాసిన చోటల్లా ఆ వాసన అంటుకుంటుంది. మన ముక్కుకు అది తెలియదు. పిల్లికి మాత్రం 'ఇది నాకు తెలిసిన చోటు, ఇక్కడ భయం లేదు' అని చెబుతుంది. మనం గోడ మీద పేరు రాసుకున్నట్లు పిల్లి తన ఇంటి మీద వాసనతో రాసుకుంటుందన్నమాట.

పిల్లికి ఇల్లంటే ఈ వాసనలూ, దాక్కునే మూలలూ, నీళ్లుండే చోటూ, తిండి దొరికే వేళా, తెలిసిన మనుషులూ అన్నీ కలిసి. దాన్ని కొత్త ఇంట్లో దించి వచ్చేస్తే మనుషులు మంచివాళ్లే కావచ్చు. కాని ఆ ఇంటి గోడల మీద దాని వాసన ఒక్క చుక్క కూడా ఉండదు. అందుకే అది మొదటి రాత్రే పారిపోతుంది. పిల్లి ఇల్లు మారడం ఒక పూటలో అయ్యే పని కాదు. దానికి వారాలు పడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

తొందరపడి ఎత్తుకోకండి

"పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది" అని పెద్దలంటారు. ఏడు అన్న లెక్క కచ్చితం కాకపోయినా మాట నిజమే. కూనల్ని పెట్టిన చోట మనుషుల అలికిడి పెరిగినా, శత్రువు జాడ తగిలినా తల్లి వాటిని మెడ మీది వదులు చర్మం పట్టుకుని ఒక్కొక్కటిగా మరో చోటికి మోస్తుంది. అలా పట్టుకోగానే కూన కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. మోసేటప్పుడు పెనుగులాడితే ఇద్దరికీ ప్రమాదం కదా!

కాబట్టి వామి వెనక దొరికిన పిల్ల అనాథే అని వెంటనే నిర్ణయించకండి. తల్లి దాని తోబుట్టువును మోసుకుపోయి మళ్లీ రాబోతూ ఉండవచ్చు. ఎలుక కోసం వెళ్లి ఉండవచ్చు. పిల్ల వెచ్చగా, పొట్ట నిండుగా, నిద్రపోతూ ఉంటే ముట్టుకోకండి. దూరంగా కూర్చుని కొన్ని గంటలు గమనించండి. చల్లబడి, డొక్కలు పోయి, ఆగకుండా అరుస్తూ ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

అది ఇంటి పిల్లేనా?

మన పశ్చిమ ప్రకాశం పిల్లలకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఎందుకంటే పక్కనే నల్లమల ఉంది. కంది చేలల్లో, ఎండిన చెరువు గడ్డిలో జంగపిల్లి పిల్లల్ని పెడుతుంది. దాని పిల్లల ఒంటి మీద చారలుంటాయి. పెద్దయ్యాక ఆ చారలు చాలావరకు మాసిపోయి, పొడుగు కాళ్లూ, పొట్టి తోకా, చెవుల కొసన కాసిని నల్లని వెంట్రుకలూ కనిపిస్తాయి. తుప్పు రంగు మచ్చలున్న మరో బుల్లి అడవి పిల్లి కూడా నల్లమలలో ఉంది. పెద్దదైనా కిలోన్నరకు అటూ ఇటూగానే తూగుతుంది. ప్రపంచంలోని పిల్లి జాతులన్నింటిలో అతి చిన్నవాటిలో ఇది ఒకటి.

నెల్లూరులో కొన్నేళ్లు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన జర్డన్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1846లో ఈ తుప్పు మచ్చల పిల్లి కూనను పెంచాడు. అది బాగా మచ్చికై ఇంటికి వచ్చినవారినందరినీ ముచ్చటపెట్టిందట. కప్పు దూలాలెక్కి ఉడతల్ని వేటాడేదట. ఎనిమిది నెలల వయసులో దాని గదిలోకి ఒక జింక పిల్లను తెచ్చారు. చూడగానే ఎగిరి దాని మెడ పట్టుకుంది! విడిపించడం కష్టమైపోయింది. తనకంటే పెద్ద జంతువు మీద అలా దూకమని దానికి ఎవరు నేర్పారు? మచ్చిక కావడం వేరు, ఇంటి జంతువు కావడం వేరు. ఇంటి పిల్లి వెనక వేల ఏళ్ల సహవాసం ఉంది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టి ఉండడం 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అడవి పిల్లికి అలాంటి చరిత్ర లేదు.

పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిల్లుల్ని పట్టుకోవడం, పెంచడం నేరం. చేలో పని చేస్తుండగా అలాంటి కూనలు కనిపిస్తే ఆ జాగా వదిలి పక్కకు తప్పుకోవాలి. రాత్రికి తల్లి వచ్చి మోసుకుపోతుంది. తల్లి రాకపోయినా, కూనకు దెబ్బ తగిలినా అటవీ శాఖవారికి కబురు చెయ్యాలి.

వయసు తెలుసుకోవడం ఎలా?

ఇంటి పిల్లేనని తేలింది. ఇప్పుడు దాని వయసు కట్టాలి. పుట్టినప్పుడు పిల్లి పిల్ల సుమారు వంద గ్రాములుంటుంది. ఏడు నుంచి పది రోజుల మధ్య కళ్లు తెరుస్తుంది. మూడో వారంలో తడబడుతూ నడుస్తుంది, పాలపళ్లు మొలుస్తాయి. నాలుగో వారంలో మెత్తని తిండి నాకడం మొదలుపెడుతుంది. మొదట్లో అన్ని పిల్లల కళ్లూ నీలంగానే ఉంటాయి. ఆరేడు వారాలకు అసలు రంగు వస్తుంది. వారానికి దాదాపు వంద గ్రాములు పెరుగుతుంది. చిన్న తక్కెడ ఉంటే రోజూ ఒకే వేళకు తూచండి. మనం పలకలకు పేరుపడ్డ మార్కాపురం సీమ వాళ్లం కదా! ఒక పలక గోడకు తగిలించి తేదీ, బరువు రాస్తూ పోండి. రెండు రోజులు వరసగా బరువు పెరగకపోతే పశువైద్యుడికి చూపించాలి.

మూడు వారాల లోపు పిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. ముందు వెచ్చబరచాలి, తర్వాతే పాలు. చల్లబడిన ఒంట్లో పాలు అరగవు. ఆవు పాలు దీనికి సరైన తిండి కాదు. పిల్లి పాలల్లో మాంసకృత్తులు ఆవు పాలకు రెట్టింపు ఉంటాయి. పిల్లి కూనల కోసం తయారుచేసే పాలపొడి గురించి పశువైద్యుణ్ని అడగాలి. పాలు పట్టేటప్పుడు మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగినట్లే బోర్లా ఉండాలి. ఈ వయసులో అది తనంతట తాను మూత్రం పొయ్యలేదు. తల్లి నాకితేనే వస్తుంది. మీరు తడిగుడ్డతో మెల్లగా తుడవాలి.

నాలుగు వారాలు దాటాక ఉడికించిన చేప, మాంసం, గుడ్డు కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. పెరుగన్నం మీదే పిల్లిని పెంచకూడదు. టారిన్ అనే పదార్థాన్ని మన శరీరం తయారుచేసుకుంటుంది. పిల్లి శరీరం చాలినంత తయారుచేసుకోలేదు. అది ఎలుకలో, చేపలో, మాంసంలో దొరుకుతుంది. టారిన్ అందని పిల్లికి కంటి లోపలి పొర పాడై క్రమంగా చూపు పోతుందని 1975లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

రోజుకు కొంతసేపు చేతుల్లోకి

తిండి ఎంత ముఖ్యమో మనిషి చెయ్యి తగలడం కూడా అంత ముఖ్యం. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే శాస్త్రజ్ఞురాలు 1980 దశకంలో పిల్లి కూనల్ని గుంపులుగా విడదీసి చూసింది. మూడో వారం నుంచే రోజూ కొంతసేపు ఒళ్లో పెట్టుకున్న కూనలు, ఏడో వారం నుంచి మొదలుపెట్టిన కూనలకంటే మనుషుల దగ్గరకు త్వరగా వచ్చాయి. రెండు నుంచి ఏడు వారాల మధ్య కాలం పిల్లి మనుషుల్ని నమ్మడం నేర్చుకునే కాలమని దీనివల్ల తేలింది.

ఆ సమయంలో ఇంట్లో నలుగురి చేతుల్లోకీ వెళ్లనివ్వండి. గిన్నెల చప్పుడు, పిల్లల అల్లరి దానికి మామూలైపోవాలి. ఎనిమిది వారాలు నిండేదాకా ఎవరికీ ఇవ్వకండి. తోబుట్టువులుంటే మరి కొన్ని వారాలు కలిపి ఉంచడం ఇంకా మంచిది. కరిస్తే అవతలివాడికి నొప్పి పుడుతుందని పిల్లి తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది.

ఎవరింటికి ఇవ్వాలి?

అడిగిన మొదటివారికే ఇచ్చెయ్యకండి. ఇల్లు చూసి, ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఆ ఇంట్లో ఎలుకల మందు పెడతారా? మందు తిన్న ఎలుకను తింటే పిల్లీ చస్తుంది. ఎలుకల కోసం పిల్లిని తెచ్చుకునే ఇల్లు మందు మానెయ్యాలి.

పనుల కోసం నెలల తరబడి వలస వెళ్లే కుటుంబమా? అయితే తాళం వేసిన ఇంటి ముందు పిల్లికి తిండి ఎవరు పెడతారో ముందే అనుకోవాలి.

ఇంట్లో అందరికీ ఇష్టమేనా? కుక్క ఉంటే పిల్లి ఎక్కి కూర్చోవడానికి అటకో, మిద్దె మెట్లో ఉన్నాయా?

మాంసం వండని ఇల్లయితే? అక్కడ దానికి ఎలుకలైనా దొరకాలి, పిల్లుల కోసం తయారుచేసిన తిండైనా కొని పెట్టాలి.

మీ పిల్ల నల్లదైతే మరో చిక్కు వస్తుంది. "ఎదురొస్తే కీడు" అంటారు. నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. మన జుట్టు నలుపూ దానివల్లే. నమ్మనివారితో వాదన పెట్టుకోకండి. నెల రోజులపాటు పిల్లి ఎదురొచ్చిన రోజు ఒక గీత, రాని రోజు ఒక గీత వేరువేరుగా గీసి, ఏ రోజు పని జరిగిందో ఏ రోజు జరగలేదో రాయండి. నెలాఖరున ఆ పలకే వారికి చూపించండి.

పంపేముందు పశువుల ఆసుపత్రిలో చూపించి, నులిపురుగుల మందు వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. ఆడపిల్లి అయితే సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్స గురించి కొత్త ఇంటివారికి చెప్పండి. ఎందుకో లెక్క కట్టి చూద్దాం. ఆడపిల్లి అయిదారు నెలలకే కట్టు కడుతుంది. తొమ్మిది వారాలకు ఈనుతుంది. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు నాలుగు చొప్పున ఎనిమిది పిల్లలు. అన్నీ బతికాయనీ, వాటిలో సగం ఆడవనీ అనుకోండి. మరుసటి ఏడాది తల్లితో కలిపి అయిదు ఆడపిల్లులు. వాటికి పుట్టేవి నలభై! అన్నింటికీ ఇళ్లు ఎక్కడ దొరుకుతాయి? గోతాలు పట్టుకుని ఊరవతలికి వెళ్లేది ఇందువల్లే.

కొత్త ఇంట్లో మొదటి మూడు వారాలు

తీసుకుపోయేది గోతంలో కాదు, గాలి ఆడే వెదురు గంపలో. మీద గుడ్డ కప్పి కట్టాలి. పిల్లికి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలోనే పడుతుంది. మన ప్రాంతపు ఎండకు మధ్యాహ్నం బస్సులో తీసుకుపోతే వడదెబ్బ తగులుతుంది. తెల్లవారుజామునే బయలుదేరాలి. గంపలో అది రోజూ పడుకున్న పాత గుడ్డ ఉతక్కుండా వెయ్యాలి. ఆ గుడ్డే పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి వెళ్లే వాసన.

కొత్త ఇంట్లో మొదట ఒకే ఒక గది ఇవ్వాలి. ఒక మూల నీళ్లు, తిండి. ఇంకో మూల ఇసుక పోసిన బేసిన్. మూడో మూల పక్కన కంత కోసిన ఖాళీ అట్టపెట్టె. ఈ పెట్టె ఎందుకని తేలిగ్గా తీసుకోకండి. 2014లో హాలండ్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక పిల్లుల ఆశ్రమానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్ని గమనించారు. కొన్నింటికి దాక్కునే పెట్టెలిచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్న పిల్లులు తొందరగా భయం వదిలి కుదురుకున్నాయి. దాక్కోవడానికి చోటుందని తెలిసిన పిల్లికే బయటకు వచ్చే ధైర్యం వస్తుంది.

పెట్టెలోంచి దాన్ని లాగకూడదు. అది సరిగా తినకుండా, రాత్రిళ్లు అరుస్తూ ఉంటే కొత్త ఇంటివారు కంగారుపడి మీకు కబురు చేస్తారు. మీరు వెళ్లి కాసేపు కూర్చుని రండి, వెనక్కి మాత్రం తీసుకురాకండి. ఒక రోజంతా నీళ్లు, తిండి ముట్టకపోతే పశువైద్యుడికి చూపించాలి. తిండి పెట్టే ముందు ప్రతిసారీ గిన్నె మీద ఒకే విధంగా తట్టమనండి. తర్వాత ఒక్కో గదీ తెరవాలి. మూడు వారాలకు గోడలన్నీ, గుంజలన్నీ రాసుకుని తన వాసన పట్టిస్తుంది. అప్పుడు భోజనం వేళకు కొంచెం ముందు, ఆకలితో ఉండగా దొడ్లోకి వదలాలి. గిన్నె చప్పుడు వినగానే వెనక్కి వస్తుంది.

రెండు జాగ్రత్తలు

జ్వరం వచ్చిందని మన పారాసెటమాల్ మాత్ర పిల్లికి వెయ్యకండి. దాన్ని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. నేల కడిగే ఫినాయిలూ దానికి విషమే. తడి నేల మీద నడిచి కాళ్లు నాకుతుంది కదా!

పిల్లి మిమ్మల్ని కరిచినా, గోళ్లతో రక్కినా దాచకండి. వెంటనే సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం అద్దకండి. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి డాక్టరుగారికి చూపించండి. రేబిస్ వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. రాకముందు టీకా వేయించుకుంటే కాపాడుకోవచ్చు.

నెల తర్వాత ఒకసారి

నెల తర్వాత ఆ ఇంటికి వెళ్లి చూడండి. పిల్లి మిమ్మల్ని చూసి పరుగెత్తుకు రాకపోవచ్చు. మీకు కాస్త బాధగానే ఉంటుంది. అది గుమ్మం దగ్గరకు నడిచి, ద్వారబంధానికి చెంప రాసి, అక్కడే కూర్చుని ఒళ్లు నాకుకుంటూ ఉందా? అయితే మీరు చేపట్టిన పని పూర్తయింది. తల్లి తిప్పిన ఏడిళ్లు ఏమైనా కానివ్వండి, ఎనిమిదోది దాని సొంతమైంది. ఇంటికి వచ్చి పలక మీద ఆ తేదీ రాసి, అవ్వకు చూపించండి.